ఒకే రోజు రెండు సింగిల్స్: బ్లర్, ఒయాసిస్ పంచాయితీ ఇక్కడ తేల్చుకోండి

బర్నేజ్ బావ | 21 జూలై 2025

నిన్న రాత్రి హీటన్ పార్క్‌లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఒయాసిస్‌ని చూసొచ్చాను. మాంచెస్టర్‌లో పెట్టిన ఐదు షోల్లో ఆఖరిది. గొంతు పోయింది. చొక్కా మీద ఎవరిదో బీరు, పక్కనున్న పెద్దాయన కన్నీళ్లు రెండూ ఉన్నాయి. ‘సిగరెట్స్ అండ్ ఆల్కహాల్’ మొదలవగానే జనమంతా స్టేజీకి వీపు పెట్టి, పక్కవాళ్ల భుజాల మీద చేతులేసి గెంతడం మొదలుపెట్టారు. మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ అభిమానులు గ్యాలరీల్లో చేసే గెంతు అది. 80 వేల మంది ఒకేసారి గెంతితే కాళ్ల కింద పార్కు ఊగింది.

2009 ఆగస్టులో పారిస్‌లో కొట్టుకుని విడిపోయిన అన్నదమ్ములు నోయెల్, లియమ్ గాలగర్ చేతులు పట్టుకుని స్టేజీ ఎక్కారు. ఇక మాట్లాడేదేముంది? ముప్పై ఏళ్ల పంచాయితీకి తీర్పు వచ్చేసింది. ఒయాసిస్ గెలిచింది, పాత పోటీ బ్యాండ్ బ్లర్ ఓడింది. అభ్యంతరం ఉన్నవాళ్లు కింద రాసుకోండి. నేను మిరియాల పాలు తాగి పడుకుంటున్నా.

పార్క్‌లైఫ్ పద్మ

అభ్యంతరం ఉంది. పాలు చల్లారేలోపు చదివెయ్యండి.

1995 ఆగస్టు 14, సోమవారం. బ్లర్ ‘కంట్రీ హౌస్’, ఒయాసిస్ ‘రోల్ విత్ ఇట్’ ఒకే రోజు సింగిల్స్‌గా (విడి పాటల రికార్డులుగా) షాపుల్లోకి వచ్చాయి. ఆదివారం అమ్మకాల చార్టు చదివేసరికి బ్లర్ 2,74,000, ఒయాసిస్ 2,16,000. తేడా 58 వేలు. తీర్పు అప్పుడే వచ్చింది, మీరు కోర్టుకి ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చారు.

జనం లెక్కంటారా, 2023 జూలైలో బ్లర్ వెంబ్లీ స్టేడియంని రెండు రాత్రులు నింపింది. ఇంకోటి, నేను మిమ్మల్ని బావ అని పిలవను. బర్నేజ్ గారూ అంటాను.

బర్నేజ్ బావ

ఏమన్నా పిలవండి మేడమ్, లెక్క మాత్రం పూర్తిగా చెప్పండి. ‘కంట్రీ హౌస్’ రెండు రకాల సీడీలుగా వచ్చింది. పాట అదే, వెనకున్న పాటలు వేరు. అభిమాని అన్నవాడు రెండూ కొంటాడు. ఒకడే మార్నింగ్ షో, ఫస్ట్ షో రెండూ చూసి ఇద్దరు ప్రేక్షకులు అని రాసుకున్నట్టు. మా వాళ్ల సీడీల మీద బార్‌కోడ్ తేడా వచ్చి కొన్ని అమ్మకాలు లెక్కకే ఎక్కలేదని కూడా అంటారు.

పార్క్‌లైఫ్ పద్మ

ఓడినవాడికి వంద కారణాలు. బార్‌కోడ్ ఒకటి.

వైజాగ్ వినైల్

పెద్దవాణ్ని, కాస్త పెద్దగా రాస్తాను. ఓపిక లేనివాళ్లు కిందికి జరపండి.

ఈ కథని 14వ తేదీతో మొదలుపెడితే సగమే తెలుస్తుంది. 1992లో బ్లర్ అమెరికా టూర్‌కి వెళ్లి నానా అవస్థ పడింది. అప్పుడు అక్కడంతా గ్రంజ్ అనే గరుకు రాక్ హవా, నిర్వాణ బ్యాండ్ ఊపు. ఈ నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్లని పట్టించుకున్నవాడు లేడు. ఇంటి మీద బెంగ పెట్టుకుని తిరిగొచ్చిన గాయకుడు డేమన్ ఆల్బార్న్ ఇక ఇంగ్లండ్ గురించే రాయాలని కూర్చున్నాడు. 1993లో ‘మోడర్న్ లైఫ్ ఈజ్ రబ్బిష్’, 1994 ఏప్రిల్‌లో ‘పార్క్‌లైఫ్’ అలా పుట్టాయి. అదే 1994 ఆగస్టులో ఒయాసిస్ మొదటి ఆల్బమ్ ‘డెఫినిట్లీ మేబీ’ దిగింది. అప్పటిదాకా బ్రిటన్‌లో ఏ కొత్త బ్యాండ్ తొలి ఆల్బమూ అంత వేగంగా అమ్ముడుపోలేదు.

1995 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డులు నాలుగు బ్లర్ పట్టుకుపోయింది. ఉత్తమ బ్యాండ్ అవార్డు అందుకుంటూ డేమన్, దీన్ని ఒయాసిస్‌తో పంచుకోవాల్సింది అన్నాడు. అంటే అప్పటికి పగ లేదు. ఆ తర్వాత రెండు నెలలకి ‘సమ్ మైట్ సే’ ఒయాసిస్‌కి మొదటి నంబర్ వన్ అయింది. ఆ పార్టీకి డేమన్ వెళ్తే ఒయాసిస్ గాయకుడు లియమ్ ఎదురొచ్చి, మొహం మీద మొహం పెట్టి ‘నంబర్ వన్’ అని వెక్కిరించాడట. డేమన్‌కి అక్కడ కాలింది. ‘రోల్ విత్ ఇట్’ తేదీ తెలియగానే బ్లర్ వాళ్లు తమ పాటని అదే రోజుకి జరిపారు.

ఇక చూడండి, సంక్రాంతి బరిలో ఇద్దరు హీరోలు దిగినప్పటి వాతావరణం. ఎన్ఎంఈ పత్రిక ఇద్దరినీ బాక్సింగ్ పోటీదారుల్లా కవర్ మీద వేసింది. బీబీసీ రాత్రి వార్తల్లో, యుద్ధాలూ ఎన్నికలూ చదివే గొంతుతో ఈ సంగతి చదివారు. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ టీవీ షోలో ‘రోల్ విత్ ఇట్’ వచ్చినప్పుడు గిటారిస్ట్ నోయెల్ పాడినట్టు, గాయకుడు లియమ్ గిటార్ వాయించినట్టు నటించి ఆ షోనే ఆటపట్టించారు. అదే షోకి బ్లర్ బేసిస్ట్ అలెక్స్ జేమ్స్ ఒయాసిస్ టీషర్టు తొడుక్కుని వచ్చాడు.

నా బాధ ఒక్కటే. రెండు బ్యాండ్ల దగ్గరా అన్ని మంచి పాటలుండగా కొట్టుకోవడానికి ఈ రెండా దొరికాయి? ‘కంట్రీ హౌస్’ గంతుల పాట. ‘రోల్ విత్ ఇట్’ ఒయాసిస్ తనని తాను కాపీ కొట్టిన పాట.

షెఫీల్డ్ శీను

వినైల్ గారు చెప్పిన ఆఖరి ముక్కకి ఓ దణ్ణం. మీరు అరుచుకుంటూ ఉండండి, మా షెఫీల్డ్ బ్యాండ్ పల్ప్ గురించి ఎవరైనా అడిగితే వస్తాను.

కొత్తగా వచ్చా

అందరికీ నమస్కారం. నేను రెండు బ్యాండ్లూ సరిగ్గా వినలేదు. ‘వండర్‌వాల్’ మాత్రం తెలుసు, మా హాస్టల్లో ఒకడు రోజూ వాయించి చంపేవాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బర్నేజ్ బావ

‘డెఫినిట్లీ మేబీ’. సౌండ్ పెంచి. పక్కింటివాళ్లు తలుపు కొట్టకపోతే ఇంకా తక్కువ పెట్టావని అర్థం.

పార్క్‌లైఫ్ పద్మ

‘పార్క్‌లైఫ్’. తర్వాత 1999లో వచ్చిన ‘13’. రెండూ ఒకే బ్యాండా అని అనుమానం వస్తే నేను చెప్పేది అర్థమైనట్టే. ఒయాసిస్ ఒకే గదికి మళ్లీ మళ్లీ రంగు వేసింది. బ్లర్ ఇల్లు మారుతూ పోయింది.

సిక్స్త్ స్ట్రింగ్

ఆ హాస్టల్ కుర్రాణ్ని ఏమీ అనకండి, నేనూ అలాంటివాణ్నే. ‘వండర్‌వాల్’ ప్రతి హాస్టల్‌కీ ఎందుకు చేరిందో గిటార్ పట్టుకున్నవాళ్లకి తెలుసు. కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మీద పెట్టండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు కింది రెండు తీగల మీద, కేపో నుంచి మూడో ఫ్రెట్‌లో ఆనించండి. చరణం మొత్తం ఆ రెండు వేళ్లూ కదలవు. చూపుడు వేలు, మధ్య వేలు మాత్రం జరుగుతుంటాయి. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) ఇవి: E మైనర్ సెవెన్, G, D సస్ ఫోర్, A సెవెన్ సస్ ఫోర్. వారం రోజుల్లో ఎవడైనా వాయిస్తాడు. పైగా కదలని ఆ రెండు తీగలూ పాటంతా మోగుతూనే ఉంటాయి, తంబురా శ్రుతిలాగా. అందుకే చేతకానివాడు వాయించినా నిండుగా వినిపిస్తుంది.

నోయెల్ గొప్పతనం అక్కడుంది. చేతకానివాడికి కూడా పాట ఇచ్చాడు.

కానీ గిటారిస్టుగా అడిగితే బ్లర్ గిటారిస్ట్ గ్రేయమ్ కాక్సన్ ముందు నోయెల్ నిలవడు. ‘బీటిల్‌బమ్’ వినండి. కాక్సన్ కావాలనే గీరినట్టు, తప్పినట్టు వాయిస్తాడు, ఆ తప్పు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటుంది. ఒయాసిస్ రికార్డుల్లో గిటార్ మీద గిటార్ పేర్చి గోడ కట్టేస్తారు. ఆ గోడకి కిటికీ ఉండదు.

బర్నేజ్ బావ

గురూ, గోడ కట్టిందే ఆనుకుని ఏడవడానికి. కిటికీలు కావాలంటే బ్లర్ ఇంటికి పో.

పార్క్‌లైఫ్ పద్మ

ఒప్పుకున్నారు, సంతోషం.

‘బీటిల్‌బమ్’ ఎలాగూ వచ్చింది కాబట్టి, ‘సాంగ్ 2’ సంగతి కూడా. అదే ఆల్బమ్‌లో రెండో పాట, నిడివి 2 నిమిషాల 2 సెకన్లు, బ్రిటన్ చార్టులో చేరింది 2వ స్థానానికి. కావాలని చేసినా ఇంత కుదరదు. అమెరికా వాళ్ల హోరుని ఎగతాళి చేస్తూ కట్టిన పాట, అమెరికా స్టేడియాల్లోనే గోల్ పడ్డప్పుడల్లా మోగింది.

గ్రంజ్ గోపి

అమెరికా మాట వచ్చింది కాబట్టి, డాలస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ 90లు అంటే సియాటిల్ గ్రంజ్. ‘వండర్‌వాల్’ బిల్‌బోర్డ్‌లో 8వ స్థానం దాకా వచ్చింది, అంతకు మించి ఈ గొడవ ఎవరికీ పట్టలేదు. మా ఆఫీసులో బ్లర్ అంటే ఫోటో మసకబారిందా అని అడుగుతారు.

వైజాగ్ వినైల్

గోపీ, నీ ఆఫీసు మాట నిజమే. కానీ ఒయాసిస్ రెండో ఆల్బమ్ ‘మార్నింగ్ గ్లోరీ’ ప్రపంచమంతా 2 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అందులో మీ వాళ్లు కొన్నవీ ఉన్నాయి. బ్లర్ ‘ది గ్రేట్ ఎస్కేప్’ దానికి మూడు వారాల ముందు, 1995 సెప్టెంబర్ 11న వచ్చింది. పత్రికలు మొదట చంకనెక్కించుకున్నాయి, తర్వాత ఎక్కడిదక్కడ దింపేశాయి. సింగిల్‌లో గెలిచినవాళ్లు ఆల్బమ్‌లో ఓడారు. పద్మగారు ఈ ముక్క చెప్పరు, నేను చెప్పాలి.

పార్క్‌లైఫ్ పద్మ

చెప్పేదాన్నే. అడగలేదు.

సూటూబూటూ

అసలు గొడవ పాటల గురించి కాదు, పుట్టుక గురించి. గాలగర్ సోదరులది మాంచెస్టర్‌లో బర్నేజ్, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కూలి కుటుంబం, కౌన్సిల్ (సర్కారు అద్దె) ఇల్లు. నోయెల్ ‘ఇన్‌స్పైరల్ కార్పెట్స్’ బ్యాండ్‌కి సామాన్లు మోసి, గిటార్లు సర్దేవాడు. డేమన్ తండ్రి కొల్చెస్టర్‌లో ఆర్ట్ స్కూల్ నడిపిన కళాకారుడు. అలాంటివాడు లండన్ కష్టజీవుల యాస పెట్టి పాడితే ఎలా ఉంటుంది? జూబ్లీహిల్స్ హీరో రెండు వారాలు నేర్చుకుని సీమ యాసలో తొడకొట్టినట్టు.

పార్క్‌లైఫ్ పద్మ

తొడకొట్టిన ఆ ‘పార్క్‌లైఫ్’ పాటలో మాటలు చెప్పింది డేమన్ కాదండీ, ఫిల్ డేనియల్స్ అనే నటుడు. ఆయన నిజంగానే లండన్ మనిషి. ఇక కుటుంబాలంటారా, గ్రేయమ్ తండ్రి సైన్యంలో బ్యాండ్ వాయించేవాడు, పిల్లాడు పుట్టింది జర్మనీలో. అందరినీ ‘సౌత్ బాబులు’ అని ఒకే గాట కట్టేయడం పత్రికలకి సులువు కాబట్టి కట్టేశాయి.

పుట్టుక పేదదైతే నోరు ఎలాగైనా పారేసుకోవచ్చా? ఆ సెప్టెంబర్‌లోనే డేమన్‌కీ అలెక్స్‌కీ ఎయిడ్స్ వచ్చి చావాలని నోయెల్ ఒక పత్రికతో అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, నిజమే. ఆ కాలంలో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల ఇళ్లలో ఆ మాట ఎలా వినపడిందో ఆలోచించండి.

బర్నేజ్ బావ

ఆ మాటని వెనకేసుకురాను. తప్పే. మా అన్నయ్య స్నేహితుడొకడు అప్పట్లోనే ఒయాసిస్ పోస్టర్ గోడ మీంచి చింపేశాడు. కారణం ఇదే.

అడ్మిన్

ఈ విషయం ఇక్కడితో ఆపుదాం. ‘సూటూబూటూ’ గారు పెట్టిన తర్వాతి రెండు పోస్టులు తీసేశాను, ఎందుకో ఆయనకి తెలుసు. పాటలకి రండి.

షెఫీల్డ్ శీను

ఎవరూ అడగలేదు, అయినా వచ్చాను.

పల్ప్ పుట్టింది 1978లో. అప్పటికి దాని గాయకుడు జార్విస్ కాకర్ షెఫీల్డ్‌లో స్కూలు పిల్లాడు. పదిహేడేళ్లు ఎవరికీ పట్టకుండా బతికిన బ్యాండ్ అది. ఈ రెండు బ్యాండ్లు నంబర్ వన్ కోసం తన్నుకోవడానికి రెండు మూడు నెలల ముందే ‘కామన్ పీపుల్’ వచ్చింది. 2వ స్థానంలో ఆగిపోయింది. పైనున్నది ఎవరో తెలుసా? రాబ్సన్ అండ్ జెరోమ్, టీవీ సీరియల్ నటులు ఇద్దరు పాత పాటని మళ్లీ పాడారు. ఆ ఏడాది చివర్లో ‘వండర్‌వాల్’ని 2 దగ్గర ఆపింది కూడా వాళ్లే! బ్రిట్‌పాప్ (90ల బ్రిటిష్ గిటార్ బ్యాండ్ల హోరు) యుద్ధంలో అసలు విజేతలెవరని నన్నడిగితే వాళ్ల పేరే చెప్తా.

సరే, జూన్ 24. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ఆ రాత్రి ‘స్టోన్ రోజెస్’ బ్యాండ్ పాడాలి. వాళ్ల గిటారిస్ట్ జాన్ స్క్వైర్ సైకిల్ మీంచి పడి మెడ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆఖరి నిమిషంలో పల్ప్‌ని పిలిచారు. చివర్లో ‘కామన్ పీపుల్’ ఎత్తుకుంటే మైదానమంతా పాడింది. డబ్బున్న అమ్మాయికి పేదరికం సరదాగా అనిపిస్తే, ఆ పేదరికంలో పుట్టినవాడికి ఎలా ఉంటుందో ఆ పాటలో ఉంటుంది. ఇందాకటి నుంచి యాసలూ కౌన్సిల్ ఇళ్లూ అని కొట్టుకుంటున్నారే, ఆ తగువంతా జార్విస్ ఐదారు నిమిషాల్లో తేల్చేశాడు, అదీ డాన్సు చేయిస్తూ.

మరుసటి ఏడాది బ్రిట్ అవార్డుల్లో మైకేల్ జాక్సన్ దేవుడిలా చేతులు చాపి పాడుతుంటే జార్విస్ స్టేజీ మీదికి దూకి వెనక్కి తిరిగి పిరుదులు చూపించినట్టు ఊపాడు. పోలీసులు తీసుకెళ్లారు. అక్కడే ఉన్న హాస్యనటుడు బాబ్ మార్టిమర్ ఒకప్పుడు లాయరు, ఆయనే వెంట నిలబడ్డాడు. కేసు లేకుండా వదిలేశారు. ఆ ఏడాదే ‘డిఫరెంట్ క్లాస్’ ఆల్బమ్‌కి ఏటా ఒక్క ఆల్బమ్‌కే ఇచ్చే మెర్క్యురీ బహుమతి.

పోయిన నెల గ్లాస్టన్‌బరీలో ‘ప్యాచ్‌వర్క్’ అనే దొంగ పేరుతో వచ్చి మళ్లీ పాడారు. నేను టీవీ ముందు నిలబడి చూశా. కూర్చోబుద్ధి కాలేదు.

బర్నేజ్ బావ

శీనన్నా, పల్ప్ మీద నాకు ఏ గొడవా లేదు. పల్ప్ మీద ఎవరికీ గొడవ లేదు.

షెఫీల్డ్ శీను

అదే కదా మా ఖర్మ.

ధూమకేతు

మరి స్వేడ్ బ్యాండ్? 1993లో మెర్క్యురీ కొట్టి, ఈ తలుపు మొదట తోసింది వాళ్లు. వాళ్ల గాయకుడు బ్రెట్ ఆండర్సన్ ప్రేయసి జస్టిన్ ఫ్రిష్మన్ స్వేడ్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. ఆమె బ్రెట్‌ని వదిలి డేమన్ దగ్గరికి వెళ్లి, ‘ఎలాస్టికా’ బ్యాండ్ పెట్టి, 1995 మార్చిలో అదిరిపోయే ఆల్బమ్ ఇచ్చింది. ముగ్గురి పాటల్లోనూ ఈ కథే తొంగిచూస్తుంది. అలాంటి మనిషిని పత్రికలు ‘డేమన్ గర్ల్‌ఫ్రెండ్’ అని రాశాయి.

లెస్టర్ లక్ష్మి

ఇంతసేపు చదివాను. నాకు ఒకటి చెప్పాలని ఉంది, కోపం తెచ్చుకోకండి.

మా నాన్నగారు గుంటూరులో ఎంబీబీఎస్ చదివి 1979లో ఇక్కడికి డాక్టరుగా వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. మా చిన్నప్పుడు యూనియన్ జాక్ జెండా పట్టుకున్న కుర్రాళ్ల గుంపు ఎదురైతే నాన్న నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేసేవారు. ఎందుకో చెప్పేవారు కాదు, చెప్పక్కర్లేదు. నేషనల్ ఫ్రంట్ అనే జాతివాద పార్టీ వాళ్లు ఆ జెండాని అలా చేసి పెట్టారు. నాకు పదమూడేళ్లప్పుడు అదే జెండా ‘సెలెక్ట్’ పత్రిక కవర్ మీద బ్రెట్ ఆండర్సన్ వెనక కనిపించింది. మరో మూడేళ్లకి నోయెల్ గిటార్ మీద. మా క్లాసు పిల్లలందరూ ముచ్చటపడ్డారు. నాకు పాటలంటే ప్రాణం, ఆ గిటార్ చూస్తే మాత్రం కడుపులో ఏదో అయ్యేది.

అందరూ ఊరుకోలేదు. తేజిందర్ సింగ్ ‘కార్నర్‌షాప్’ బ్యాండ్ వాళ్లు, గాయకుడు మోరిసే ఆ జెండాతో ఆడిన ఆటలకి నిరసనగా ఈఎంఐ అనే రికార్డు కంపెనీ ఆఫీసు ముందు అతని పోస్టర్లు తగలబెట్టారు. అదే బ్యాండ్ 1998లో ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశ’ రీమిక్స్‌తో నంబర్ వన్ కొట్టింది. మన ఆశా భోంస్లే పేరు దేశమంతా రేడియోల్లో మారుమోగింది. ‘ఎకోబెల్లీ’ గాయని సోన్యా అరోరా మదన్ పుట్టింది ఢిల్లీలో. టీవీలో ఆమెని చూసినరోజు నేను అమ్మని వంటింట్లోంచి పిలిచాను. అమ్మ తడిచేతులతో వచ్చి, ‘మనమ్మాయిలా ఉందే’ అని నిలబడిపోయింది.

బ్లర్, ఒయాసిస్ ఎవరు గెలిచారన్నది మా ఇంట్లో ఎప్పుడూ చర్చకి రాలేదు.

బర్నేజ్ బావ

లక్ష్మిగారూ, కోపమెందుకండీ. నేను ఈ ఊరు వచ్చింది 2011లో. నాకు ఆ జెండా అంటే వీసా ఆఫీసు గోడే. మీరు చెప్పేదాకా ఇలా ఆలోచించలేదు.

వైజాగ్ వినైల్

‘కూలా షేకర్’ని కూడా చేర్చండి. 1996లో వాళ్ల ‘గోవిందా’ బ్రిటన్ చార్టులో మొదటి పదిలోకి వచ్చింది. పాటంతా సంస్కృతమే. విశాఖలో మా ఇంట్లో పెడితే మా అమ్మగారు, ‘భజన బాగానే ఉంది కానీ ఆ డ్రమ్ములెందుకు’ అన్నారు. నెబ్‌వర్త్‌లో ఒయాసిస్ రెండు రాత్రుల్లో 2,50,000 మందిని పోగేసిందే, 1996 ఆగస్టులో, అక్కడ రెండో రోజు వాళ్లకి ముందు పాడిన బ్యాండ్లలో ఇదీ ఒకటి. ఆ టికెట్ల కోసం 25 లక్షల మందికి పైగా అప్లై చేశారు.

సిక్స్త్ స్ట్రింగ్

టికెట్లంటే గుర్తొచ్చింది. నాకు వచ్చే శనివారం వెంబ్లీ ఉంది. పోయిన ఏడాది ఆగస్టు 31న ఉదయం తొమ్మిదింటి నుంచి క్యూలో ఉన్నా. సైటు పేరు చెప్పను, చెప్తే బీపీ పెరుగుతుంది. నా వంతు వచ్చేసరికి 150 పౌండ్ల నిలబడే టికెట్ 350 దాటేసింది. కౌంటర్లో కూర్చున్నవాడే బ్లాకులో అమ్మినట్టు! మా ఆవిడ పక్కన నిలబడి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం ఇప్పటికీ నడుస్తోంది.

కొత్తగా వచ్చా

రెండూ విన్నాను. ‘డెఫినిట్లీ మేబీ’ నాలుగుసార్లు, ‘పార్క్‌లైఫ్’ రెండుసార్లు. అందులో ‘దిస్ ఈజ్ ఎ లో’ మాత్రం పదిసార్లు. నేను ఎవరి వైపు?

పార్క్‌లైఫ్ పద్మ

మా వైపు. ఆ పాట పదిసార్లు విన్నవాళ్లకి వేరే దారి లేదు. అది బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాల వాతావరణ వార్తల మీద కట్టిన పాట. రేడియోలో ‘కోస్తాలో జాలర్లు వేటకి వెళ్లరాదు’ అని చదువుతారే, అలాంటిది. దాన్ని పాట చేసి ఏడిపించడం ఇంకెవరి వల్ల అవుతుంది?

బర్నేజ్ బావ

నాలుగు రెళ్లు ఎనిమిది, మెజారిటీ మాది.

టేప్ రికార్డర్

మూడేళ్ల నుంచి ఇక్కడ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

1996. మాది విజయవాడ, సత్యనారాయణపురం. బర్మింగ్‌హామ్‌లో చదువుకునే మా పెద్దమ్మ కొడుకు సెలవులకి వస్తూ నాకో క్యాసెట్ తెచ్చాడు. 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, తన సీడీల్లోంచి రికార్డు చేసింది. చెరో వైపు 45 నిమిషాలు. పైన పేర్లేమీ రాయలేదు, ‘చెల్లికి’ అని రాశాడంతే. ఒక వైపు ‘మార్నింగ్ గ్లోరీ’, రెండో వైపు ‘ది గ్రేట్ ఎస్కేప్’.

ఆ పేర్లు నాకు తెలిసింది ఎంతో తర్వాత. రెండేళ్లపాటు అది ఒకే బ్యాండ్ అనుకున్నా. ఇద్దరు గాయకులున్నారు, ఒకడికి కోపం ఎక్కువ, ఇంకొకడికి వెటకారం ఎక్కువ అనుకున్నా. మన పాత సినిమాల్లో హీరోకి ఒక గొంతు, హాస్యనటుడికి ఒక గొంతు ఉండేది కదా, అలా. కోపం ఆయన బాధపడితే వెటకారం ఆయన ఓదారుస్తున్నాడని కూడా అనుకునేదాన్ని. వాక్‌మన్ బ్యాటరీలు అయిపోవస్తే మాత్రం ఇద్దరూ ఘంటసాల గారి పద్యంలా సాగదీసేవారు.

ఆ ఆల్బమ్‌లు రెండూ 45 నిమిషాల కంటే పెద్దవి. అందుకని ‘షాంపేన్ సూపర్‌నోవా’ రెండు నిమిషాలు దాటాక టక్కున ఆగిపోయేది. ఏడు నిమిషాలకి పైగా ఉండే పాట అది! రెండో వైపు ‘డాన్ అబ్‌నార్మల్’ మధ్యలో తెగిపోయేది. అది డేమన్ ఆల్బార్న్ పేరులోని ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ చేసి పెట్టిన పేరని ఈమధ్యే తెలిసింది.

మా అన్నయ్యకి ఫోన్ చేసి, వీళ్లిద్దరూ శత్రువులటగా అని అడిగా. ‘నాకు ఒకటే క్యాసెట్‌కి డబ్బులున్నాయే’ అన్నాడు.

వైజాగ్ వినైల్

అమ్మా, నలభై ఏళ్లుగా పాటలు వింటున్నా, ఈ రెండు ఆల్బమ్‌లనీ మీరు విన్నట్టు ఎవరూ విని ఉండరు.

పార్క్‌లైఫ్ పద్మ

కోపం బాధపడితే వెటకారం ఓదార్చడం! 2013లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో క్యాన్సర్ పిల్లల నిధి కోసం జరిగిన కచేరీలో డేమన్, గ్రేయమ్, నోయెల్ ముగ్గురూ కలిసి బ్లర్ పాట ‘టెండర్’ పాడారు. డ్రమ్స్ మీద పాల్ వెల్లర్. అది వెతికి చూడండి. మీ క్యాసెట్ బ్యాండ్ అదే.

టేప్ రికార్డర్

చూశాను. రెండుసార్లు.

బర్నేజ్ గారూ, మీరు వెళ్లిన షోలో ఆఖరి పాట ‘షాంపేన్ సూపర్‌నోవా’నే అని విన్నాను. వీడియో తీశారా? తీస్తే కట్ చేయకుండా మొత్తం పెట్టండి. నాకు ఆ పాట స్టేజీ మీద ఎలా ముగుస్తుందో చూడాలని ఉంది.

బర్నేజ్ బావ

తీశానండి. బాణాసంచా కూడా పేల్చారు. ఇప్పుడే ఫోన్ తెరిచి చూశా. రెండు నిమిషాల పదకొండు సెకన్ల దగ్గర ఆగిపోయింది. స్టోరేజ్ నిండిపోయిందట.

టేప్ రికార్డర్

పర్లేదు, అదే పెట్టండి.